నాన్న డకోటా జ్ఞాపకాలు రికార్డు చేసిన పది నెలలు

2024 నవంబర్ రెండో వారంలో అమ్మ ఫోన్ చేసింది, అటక మీది ట్రంకుపెట్టెకి చెద పట్టిందని. అందులో నాన్న లాగ్‌బుక్కులు, అంటే పైలట్‌గా తను నడిపిన ప్రతి ఫ్లైటూ రాసుకున్న పుస్తకాలు, ఉన్నాయని నాకు తెలుసు. ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. నేను వెళ్ళేసరికి అమ్మ డాబా మీద పాత చీర పరిచి, పుస్తకాలన్నీ ఎండలో పెట్టింది. ఐదు ఉండాలి, నాలుగే ఉన్నాయి. 1966 నుంచి 1969 దాకా నడిచిన రెండోది లేదు. మొదటి పుస్తకం అట్ట మూల నుంచి లోపలి పేజీల దాకా చెద తినేసింది. ఇలా ఎండలో పెట్టకూడదని తర్వాత తెలిసింది, పాత సిరా వెలిసిపోతుందట. నీడలో ఫ్యాన్ గాలికి ఆరబెట్టాలి. మీ ఇంట్లో ఇలాంటివి ఉంటే ముందు ఆ పని చేయండి.

నాన్న 1962లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కో-పైలట్‌గా చేరారు. అలహాబాద్ దగ్గర బమ్రౌలీలో ట్రైనింగ్, తర్వాత కలకత్తాలో డకోటాల మీద, అంటే రెండు ఇంజన్ల పాత ప్రొపెల్లర్ విమానాలు. 1968లో ఆవ్రో, అదీ ప్రొపెల్లర్ విమానమే, చివరికి బోయింగ్ 737. 1996లో రిటైరయ్యారు. ఇంట్లో విమానాల గురించి పెద్దగా మాట్లాడేవారు కాదు. ఆ రోజు మాత్రం చెద తిన్న పుస్తకాన్ని ఒళ్ళో పెట్టుకుని, పేజీ అంచుల్ని చూపుడువేలితో మెల్లగా సరిచేస్తూ చాలాసేపు కూర్చున్నారు. "పోతే పోయిందిలే తల్లీ" అన్నారు. ఆ మాట వినగానే నాకు భయం వేసింది. ఆయనకి అప్పుడు 86 ఏళ్ళు. ఆయనకి గుర్తున్నదంతా రికార్డు చేయాలని ఆ రాత్రే అనుకున్నాను.

మొదట పుస్తకాల స్కానింగ్. మాకు తెలిసిన ఒక జిరాక్స్ షాపులో పేజీకి పన్నెండు రూపాయలన్నారు. దగ్గరుండి చూసుకోకపోవడం నా తప్పు. ఆ అబ్బాయి పేజీలు గబగబా తిప్పుతూ బైండింగ్ అద్దానికి గట్టిగా నొక్కాడు, 1963 మార్చి పేజీ నిలువునా చిరిగింది. పుస్తకాలు వెనక్కి తెచ్చేసుకున్నాను. తర్వాత 450 రూపాయలు పెట్టి ఫోన్ స్టాండు ఒకటి కొని, కిటికీ పక్కన, పొద్దున తొమ్మిదింటి వెలుతురులో పేజీకొక ఫోటో తీశాను. నాలుగు పుస్తకాలకి పదకొండు రోజులు పట్టింది. చిరిగిన పేజీ సంగతి నాన్నకి చెప్పడానికి రెండు రోజులు ఆగాను. చెబితే, ఆయన ఆ పేజీలో ఏముందో చూసి, "ఆ నెలంతా ఉప్పు బస్తాలే" అన్నారు. నాకు దొరికిన మొదటి జ్ఞాపకం అదే. అప్పటికి నా దగ్గర రికార్డర్ కూడా లేదు.

8,200 పెట్టి రికార్డర్ కొన్నాను. డిసెంబర్ 3న మొదటిసారి కూర్చున్నాం. నేను ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను: మొదటిసారి డకోటా నడిపినప్పుడు ఎలా అనిపించింది, బాగా భయపడిన రోజు ఏది, ఇష్టమైన విమానం ఏది. ప్రతిదానికీ ఒకే వాక్యం జవాబు. "ఏముందమ్మా, ఎక్కాం, వెళ్ళాం, దిగాం." మూడు సార్లు ఇలాగే నడిచింది. పైగా రికార్డింగులో సన్నగా ఈల లాంటి శబ్దం. ఫ్యాన్ అనుకుని ఆపేశాను, అయినా పోలేదు. చివరికి తేలిందేమిటంటే అది నాన్న చెవి మిషన్. చెవిలో పెట్టుకునే మోల్డు వదులైతే అలా ఈల వేస్తుందట. కొత్త మోల్డుకి 3,500, తొమ్మిది రోజుల వెయిటింగ్. చెవులు పరీక్ష చేసిన అమ్మాయి రిపోర్టు చూసి, "ఎడమ చెవి బాగా తగ్గింది, ఎక్కడైనా మిషన్ల దగ్గర పనిచేశారా" అని అడిగింది. నాన్న ఎడమ చెయ్యి ఎత్తి, మూరెడు దూరంలో ఏదో ఉన్నట్టు చూపించి, "కెప్టెన్ సీటు. ఇంజను ఇక్కడే" అన్నారు.

నాన్న జ్ఞాపకాలు ఆయన చేతుల్లో ఉన్నాయని నాకు అప్పుడు వెలిగింది.

డిసెంబర్ చివర్లో డకోటా కాక్‌పిట్ ఫోటో ఒకటి మంచి క్వాలిటీది సంపాదించి, ఫ్లెక్సీ షాపులో ఆరడుగులు బై ఐదడుగులు ప్రింటు వేయించాను. చదరపు అడుగు 18 చొప్పున 540 రూపాయలు. ఎన్నికల బోర్డులూ పుట్టినరోజు ఫ్లెక్సీలూ వేసే షాపు అది. అంత పెద్ద కాక్‌పిట్ ఎందుకని అడిగి, విషయం తెలిశాక, ఆ షాపాయన మెరుపు లేని మెటీరియల్ మీద వేసిచ్చాడు. మెరుపు ఉంటే ముసలివాళ్ళ కళ్ళకి కష్టం అన్నాడు. ఈ పదినెలల్లో నాకు అందిన అతి మంచి సలహా అది.

హాల్లో గోడకి తగిలించి, ఎదురుగా కుర్చీ వేశాను. నాన్న వచ్చి నిలబడి చూశారు. కుర్చీని ఎత్తి రెండడుగులు కుడివైపుకి జరుపుకున్నారు. "కో-పైలట్ ఇటు కూర్చుంటాడు" అన్నారు. కూర్చున్నాక కుడిచెయ్యి దానంతటదే తల మీదికి లేచింది. గాల్లో రెండు వేళ్ళతో ఏదో నొక్కి పట్టుకున్నారు. రికార్డర్ ఆన్ చేశానో లేదో కూడా నాకు తెలియదు, అదృష్టం కొద్దీ ఆన్ అయి ఉంది.

ఆ రోజు ఆయన చెప్పింది ఇది. స్టార్టర్ స్విచ్చులు పైన కప్పులో ఉంటాయి. ముందు ఒకటి నొక్కితే లోపల ఫ్లైవీల్ అనే బరువైన చక్రం తిరగడం మొదలై, 'కూ...' అని పైకి లేస్తుంది. ఆ కూత ఎంత పైకి వెళ్ళాక రెండోది నొక్కాలో చెవికే తెలుస్తుంది. అప్పుడు ప్రొపెల్లర్ బరువుగా కదులుతుంది. కిటికీలోంచి చూస్తూ రెక్కలు లెక్కపెట్టాలి: ఒకటి, రెండు, మూడు... ఆరు దాటాక నిప్పురవ్వ ఇచ్చే మ్యాగ్నెటోలు ఆన్. ఒక సిలిండర్ దగ్గుతుంది, తర్వాత ఇంకొకటి. పద్నాలుగు సిలిండర్ల ఇంజను, అన్నీ ఒకేసారి లేవవు. తెల్లటి పొగ మొత్తం విమానం రెక్క మీదుగా వెనక్కి పోతుంది. పొద్దున మొదటి ఫ్లైట్ అయితే స్టార్టు చేయకముందే మెకానిక్కులు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పాలి. రాత్రంతా నిలబడ్డ ఇంజన్లో కింది సిలిండర్లలోకి ఆయిల్ దిగి ఉంటుంది, అది పోకుండా స్టార్టు చేస్తే లోపల కడ్డీలు వంగిపోతాయి. "కింద ఆయిల్ మరకలు లేకపోతేనే భయపడేవాళ్ళం" అన్నారు. ఆయిల్ కారడం లేదంటే లోపల ఆయిలే లేదని.

టేకాఫ్ అయ్యాక చక్రాలు ఎత్తే పని కో-పైలట్‌ది. సీట్ల మధ్య నేల మీద ఉండే లాచ్ (గడియ) తీయడానికి నాన్న కుర్చీలో కూర్చునే వంగారు. నేను పట్టుకోబోతే చేత్తో ఆపారు. తర్వాత వెనక్కి తిరిగి, గాల్లో హైడ్రాలిక్ పిడిని లాగారు. ఆయన అంత చులాగ్గా వంగడం నేను రెండేళ్ళుగా చూడలేదు.

ఆ తర్వాత నేను ప్రశ్నల కాగితం పక్కన పెట్టేశాను. "వాన పడుతోంది నాన్నా, ఇప్పుడేం చేస్తారు?" అంటే చాలు. డకోటాలో వాన పడితే కాక్‌పిట్ లోపల కూడా పడేదట. అద్దాల అంచుల్లోంచి నీళ్ళు కారి మోకాళ్ళ మీద పడేవి. అందుకని రెయిన్‌కోటు తొడుక్కోకుండా ఒళ్ళో పరుచుకునేవారు. రాడార్ లేదు. రేడియో కంపాస్ ముల్లు కింద ఉన్న రేడియో స్టేషన్ వైపు చూపించాల్సింది పోయి, ఉరుములున్న మబ్బు వైపు తిరిగేది. చెడిపోయిందని కొత్తవాళ్ళు అనుకునేవారు. ఆయన మొదటి కెప్టెన్ ఆ ముల్లు మీద వేలితో కొట్టి, "అది ఎటు చూపిస్తే అటు పోవద్దు" అని నేర్పించాడట. తోక చక్రం విమానం కాబట్టి నేల మీద ముక్కు పైకి లేచి ఉంటుంది. ప్రయాణికులు ఎక్కగానే సీటు దాకా మెట్ట ఎక్కినట్టు నడవాలి. కలకత్తా నుంచి అగర్తలాకి సరుకు ఎక్కించే కూలీలు బస్తాలు ఆ ఏటవాలు మీదుగా పైకి లాగాలి. ఉప్పు, కిరోసిన్, మేకలు కూడా. మేకలు ఉన్న రోజు కాక్‌పిట్ తలుపు మూసినా వాసన ఆగేది కాదట. ఈ ముక్క చెబుతూ ముక్కు చిట్లించారు, అరవై ఏళ్ళ తర్వాత.

అమ్మ వంటింట్లోంచే అన్నీ వినేది. మొదట నేను విసుక్కున్నాను, రికార్డింగులో కుక్కర్ విజిల్ పడుతోందని. జనవరి 20 ప్రాంతంలో నాన్న ఆవ్రో ట్రైనింగ్ ఎప్పుడో గుర్తు రాక ఆగిపోయారు. ఆ ఏళ్ళ పుస్తకమే మాకు లేనిది. అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, "అన్నయ్యకి పుట్టువెంట్రుకలు తీయించాం, ఆ మర్నాడే మీ నాన్న వెళ్ళారు. తిరుపతి నుంచి నేను మా తమ్ముడితో వచ్చాను" అంది. అంటే 1968 ఫిబ్రవరి. ఆ మూడేళ్ళూ మాకు ఇప్పుడు అమ్మ లెక్కలోనే ఉన్నాయి: ఏ అద్దె ఇంట్లో ఉన్నారు, ఎవరి పెళ్ళికి నాన్న రాలేకపోయారు, ఏ నెలలో జీతం ఆలస్యమైంది. మీరు ఇలాంటి పని మొదలుపెడితే రెండో మైకు కొనండి. నేను కొన్నది ఆలస్యంగా.

అమ్మ చెప్పిన దాంట్లో నాకు బాగా నచ్చింది ఆవ్రో చప్పుడు. బేగంపేట దగ్గర ఇల్లు. డకోటా వస్తే కిటికీ అద్దాలు దడదడలాడేవట. ఆవ్రోకి ఉన్నవి రోల్స్ రాయిస్ డార్ట్ టర్బోప్రాప్ ఇంజన్లు (జెట్ లాంటి టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పేవి), వాటిది సన్నటి, చెవిలో గుచ్చుకునే కూత. ఆ కూత విని అమ్మ ఎసరు పెట్టేది. ఆయన కాగితాలు రాసి, బండి మీద ఇంటికి వచ్చేసరికి అన్నం ఉడికేది. "ఒక్కోసారి మీ నాన్నది కాదు, వేరేవాళ్ళది వచ్చేది. ఆ రోజు చల్లారిన అన్నమే" అంది అమ్మ. అరవై ఏళ్ళకి దగ్గరపడుతున్న కాపురంలో నాన్న ఈ సంగతి వినడం ఇదే మొదటిసారి. ఆ రోజు ఇంకేమీ మాట్లాడలేదు. నేను రికార్డర్ ఆపేశాను.

ఇప్పుడు నాకు బాధగా ఉన్న సంగతి. నాన్నతో కలకత్తాలో పనిచేసిన ఒక పెద్దాయన సికింద్రాబాద్‌లో ఉన్నారు, 91 ఏళ్ళు. డిసెంబర్‌లో ఫోన్ చేస్తే ఉత్సాహంగా మాట్లాడి రమ్మన్నారు. సంక్రాంతి అయ్యాక వెళదామనుకున్నాం. పండగ, తర్వాత మా పాపకి జ్వరం, తర్వాత ఆఫీసు. ఫిబ్రవరి 9న వెళ్ళాం. జనవరి చివర్లో ఆయనకి పక్షవాతం వచ్చింది, మాట పోయింది. నాన్న మంచం పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆయన బొటనవేలితో నాన్న అరచేతిని ముందుకు తోస్తూ ఉన్నారు, ఇంజను జోరు పెంచే థ్రాటిల్ తోసినట్టు. నాన్న "రెండువేల ఏడువందలు" అన్నారు. టేకాఫ్‌లో డకోటా ఇంజను తిరగాల్సిన ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అది. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. ఏప్రిల్‌లో పోయారు. ఎనభై దాటినవాళ్ళు రమ్మంటే ఆ వారమే వెళ్ళండి.

మార్చిలో ఇంజను ఆగిపోయిన కథ వచ్చింది. అగర్తలా ట్రిప్పు, ఎడమ ఇంజను ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. ఏ ఇంజను పోయిందో మీటర్లు చూసి నిర్ణయించుకోకూడదట, పాదాలు చెబుతాయి. విమానం పోయిన ఇంజను వైపుకి తిరుగుతుంది, దాన్ని తిన్నగా ఉంచడానికి బాగున్న వైపు పెడల్ తొక్కి పట్టుకుంటాం. ఏ కాలు ఖాళీగా ఉందో ఆ వైపు ఇంజను పోయినట్టు. నాన్న కుడికాలు నేలకి అదిమి పట్టి చెబుతున్నారు. తర్వాత ఫెదరింగ్ బటన్. నొక్కితే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు పెట్టి ఆగిపోతాయి. పని అవగానే ఆ బటన్ దానంతటదే బయటికి రావాలి. రాకపోతే చేత్తో లాగాలి, లేదంటే రెక్కలు మళ్ళీ తిరగబడి ఇంజను తిరగడం మొదలుపెడుతుంది. కెప్టెన్ విమానం చూసుకుంటుంటే ఈయన ఆ బటన్ మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. "అంత చప్పుడు చేసేది కదమ్మా, కిటికీలో మూడు రెక్కలూ కత్తిలాగా కదలకుండా నిలబడిపోతే చూడబుద్ధి కాదు." కలకత్తా డమ్‌డమ్ ఎయిర్‌పోర్టుకి వెనక్కి వచ్చి దిగారు. దిగాక ఇద్దరూ చెరో రెండు గ్లాసుల టీ తాగారట, ఒక్క మాట మాట్లాడుకోలేదట.

ఇక్కడ నేనొక పొరపాటు చేశాను. ఆయన జూలై అన్నారు, జోరు వాన అన్నారు. నేను లాగ్‌బుక్ తీసి 1964 డిసెంబర్ పేజీ చూపించాను. కలకత్తా నుంచి కలకత్తా, 55 నిమిషాలు, పక్కన "ఇంజను ఫెయిల్యూర్" అని ఆయన చేతిరాతే. నాన్న ముఖం వాడిపోయింది. వారం రోజులు రికార్డింగుకి కూర్చోలేదు. "నాకన్నీ కలిసిపోతున్నాయి, నువ్వు రాసుకునేదంతా తప్పు" అన్నారు. రెండు వేరు వేరు రోజులు ఆయన మనసులో ఒకటై ఉంటాయి. చేతులు చేసిన పని మాత్రం ఏ తేదీకైనా ఒకటే. ఆ తర్వాత తేదీలు నేనే రాత్రి ఒంటరిగా సరిచూసుకునేదాన్ని, ఆయన ముందు పుస్తకం తీయలేదు.

లాగ్‌బుక్ ఒక్కటే చెప్పగలిగినవీ ఉన్నాయి. 1965 సెప్టెంబర్ ముందు దాకా కలకత్తా-అగర్తలా గంటా ఇరవై నిమిషాలు. యుద్ధం రాగానే తూర్పు పాకిస్తాన్ మీదుగా వెళ్ళే దారి మూసుకుపోయింది. ఆ నెల నుంచి అదే ఊరికి బాగ్‌డోగ్రా, గువాహటి చుట్టి వెళ్ళిన గంటలు కనిపిస్తాయి. నాన్నకి దాని గురించి చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ తోచలేదు. వాళ్ళకి అది రోజూ పోయే దారి.

మే నెలలో ఎండలకి నాన్న నీరసించారు, అయిదు వారాలు ఆపేశాం. అంతకుముందు ఏప్రిల్ మొదట్లో ఆయన్ని విశాఖ తీసుకెళ్ళాం, రైలు, హోటల్, ఆటోలు కలిపి పద్నాలుగు వేలు అయింది. బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియంగా ఉంది కదా. అది నేవీది, ఎయిర్‌లైనర్ కాదు. కానీ అంత పెద్ద ప్రొపెల్లర్ల కింద నిలబడే చోటు మనకి దగ్గర్లో అదే. లోపలికి మెట్లు ఎక్కలేకపోయారు, ముందే కనుక్కోవాల్సింది. బయటే ఇంజన్ల కింద నలభై నిమిషాలు నిలబడ్డారు. ఒక్కో ఇంజనుకి ఎనిమిది రెక్కలు, ముందు నాలుగూ వెనక నాలుగూ ఎదురెదురుగా తిరుగుతాయి. అక్కడ ఆవ్రో గురించి వచ్చినంత మాట ఇంట్లో ఎప్పుడూ రాలేదు. నాగ్‌పూర్ ఎండలో డార్ట్ ఇంజన్లకి బలం చాలకపోతే నీళ్ళూ మెథనాలూ కలిపి లోపలికి చల్లుతూ టేకాఫ్ చేయడం, దిగాక ప్రొపెల్లర్ రెక్కలు అడ్డంగా తిరిగి పెద్ద పళ్ళేల్లాగా గాలిని ఆపేయడం. ఫోన్లోనే రికార్డు చేశాను. సముద్రపు గాలి హోరులో సగం పోయింది. మైకుకి తొడిగే స్పాంజి ముక్క జేబులో పెట్టుకుని వెళ్ళండి.

రికార్డింగులు మొత్తం 43 సార్లు, 26 గంటలు. దాన్ని కాగితం మీద పెట్టడం ఇంకో కష్టం. మొదట ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో ప్రయత్నించాను. తెలుగులో ఇంగ్లీషు కలిసిన మాట దానికి అందలేదు. "ఎడమ ఇంజను ఫెదర్ చేశాం" అన్నదల్లా "ఎడమ ఇంజను ఫాదర్ చేశాం" అని వచ్చింది. ఆఖరికి డిగ్రీ చదివే ఒక అమ్మాయికి గంట ఆడియోకి 700 చొప్పున ఇచ్చాను, 18,200 అయింది. గంట వినడానికి తనకి ఆరు గంటలు పట్టేది. ప్రతి వారం తను రాసుకొచ్చిన అర్థం కాని మాటల జాబితా నాన్నకి చదివి వినిపిస్తే, ఆయన ఒక్కోదానికీ పావుగంట చెప్పేవారు. దాన్ని మళ్ళీ రికార్డు చేయాల్సి వచ్చింది. సెప్టెంబర్ 12న ఆరు కాపీలు బైండింగ్ అయ్యాయి, ఒక్కోటి 720. అన్నీ కలిపి యాభై వేలకి కాస్త తక్కువ. ఒక కాపీ సికింద్రాబాద్ పెద్దాయన ఇంటికి ఇచ్చి వచ్చాం. అందులో ఆయన కథ లేదు, కానీ ఆయన పేరు పన్నెండు చోట్ల ఉంది, నాన్న లాగ్‌బుక్‌లో కెప్టెన్ అన్న గడిలో.

పుస్తకం వచ్చింది కాబట్టి ఫ్లెక్సీ తీసేద్దామా అని అమ్మ అడిగింది. నాన్న వద్దన్నారు. పొద్దున కాఫీ అక్కడే తాగుతారు, కుడివైపు కుర్చీలో. మా పాప ఎడమవైపు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. నిన్న నాన్న ఫోన్ చేసి ఆదివారం రికార్డర్ తెమ్మన్నారు, ఆవ్రోలో ఇంజనుకి వెళ్ళే ఇంధనాన్ని సరిచేసే ఫ్యూయెల్ ట్రిమ్మర్లు ఎండని బట్టి ఎలా పెట్టాలో సరిగ్గా చెప్పలేదట.